వంటింటి తలుపు కింది సందు

మా అత్తయ్యకి చూపు తగ్గిపోయిందన్న సంగతి, మా ఆయన ఇంట్లో కరెంటు వృథాని అరికట్టాకగానీ మాకు తెలియలేదు. ఈ రెంటికీ సంబంధమేమిటంటారు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టే ఉంటుంది. మా ఇంట్లో ఆ ముడి నిజంగానే పడింది.

ముందు అత్తయ్య సంగతి చెప్పాలి. మనిషి నెమ్మది. తిండి దగ్గర, బట్ట దగ్గర ఏ పేచీ పెట్టదు. పట్టుదలంతా ఒక్కదాని మీదే. సాయంత్రం వంట ఆవిడది. పొద్దున నేను అన్నం మాడ్చినా, కూరలో ఉప్పు మరిచిపోయినా పల్లెత్తు మాట అనదు. సాయంత్రమయ్యాక మాత్రం నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళినా, "ఏం కావాలమ్మాయ్?" అంటుంది, పక్కింటివాళ్ళని అడిగినట్టు.

ఈ పట్టుదల వెనక వాళ్ళ అక్కగారున్నారు. ఆ అక్కగారికి పెద్దతనంలో కళ్ళు పోయాయి. వాళ్ళింట్లో అందరూ మంచివాళ్ళే. ముందుగదిలో కుర్చీ వేసి, వీపుకి దిండు పెట్టారు. కూర తరగబోతే కత్తి అందుకున్నారు, గిన్నె దించబోతే గిన్నె అందుకున్నారు. "నువ్వు కూర్చో" అన్న మాటే రోజంతా వినేదట ఆవిడ. అలా కూర్చుని కూర్చుని చివరికి కాళ్ళు కూడా స్వాధీనం తప్పాయి. ఆవిడని చూసొచ్చినప్పుడల్లా అత్తయ్య చీర కూడా మార్చుకోకుండా వంటింట్లోకి దూరి ఏదో ఒకటి పొయ్యి మీద పెట్టేది. "గరిటె చేతిలో ఉన్నన్నాళ్ళే ఇంటి మనిషిని. అది లాక్కుంటే చుట్టాన్నే" అనేది.

ఇక మా ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో మిషన్ల మరమ్మతు చూస్తారు. అక్కడ అప్పుడప్పుడు ఒక పూట మిషన్లన్నీ ఆపేసి, వాటిని నడిపే గాలి గొట్టాల్లో మాత్రం గాలి నింపి ఉంచి, చెవులు రిక్కించి తిరుగుతారట. ఎక్కడ సుయ్యిమంటే అక్కడ గాలి కారుతున్నట్టు. అక్కడ ఎర్ర పేలిక కడతారు. ఎర్ర పేలిక కట్టినదాన్ని బాగుచెయ్యాలి, లేదా తీసి పారెయ్యాలి. పచ్చ పేలిక కట్టినదాని జోలికి ఎవరూ పోకూడదు, అది ఎలా ఉందో అలాగే ఉండాలి. ఆ పద్ధతితో ఫ్యాక్టరీలో కరెంటు వాడకం బాగా తగ్గిందని వాళ్ళ మేనేజరు మా ఆయన్ని నలుగురిలో మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఇంటిదాకా నడిచొచ్చింది.

చప్పుడు చేసేదల్లా కరెంటు తినేదే అన్నది ఆయన సిద్ధాంతం. అలాగైతే రాత్రిళ్ళు మీరెంత తింటున్నారో ముందు కొలిపించండి అన్నాను. ఆయన వినిపించుకోలేదు. గురక పెట్టేవాళ్ళకి వినపడదు కదా.

ఒక సెలవు రోజు పొద్దున్నే నా కుట్టుపెట్టెలోంచి ఎర్ర జాకెట్టు ముక్క లాగి పేలికలు చించారు. నేను బట్టల కొట్టులో కొలతలు తీసి, కొత్త బట్టలు కొనేవాళ్ళ ఒంటికి సరిచేసే పని చేస్తాను. గుడ్డముక్క ఏదైనా సరే దండగ కావడం నాకిష్టం ఉండదు. అయినా ఊరుకున్నాను.

మొదటి పేలిక ఫ్రిజ్‌కి పడింది. అది నాకంటే ముందే ఈ ఇంట్లో అడుగుపెట్టింది కనక నాకు సీనియరు. కాసేపు గుర్రుమని, ఒళ్ళంతా వణికి ఆగిపోయి, మళ్ళీ మొదలుపెట్టేది. మేం దాన్ని తాతగారు అనేవాళ్ళం. రెండోది వంటింటి గుమ్మం పైన జుయ్యిమంటూ వెలిగే ట్యూబులైటుకి. ఆ తర్వాత హాల్లో టిక్కుటిక్కుమనే సీలింగ్ ఫ్యాను, అత్తయ్య మంచం పక్కన గరగరలాడే టేబుల్ ఫ్యాను. దాని మెడకి పేలిక కడుతూ, "అమ్మా, నీ నేస్తానికి రిటైర్మెంటు" అన్నారు.

తర్వాత సందుల వంతు వచ్చింది. తలుపులన్నీ మూసి, హాల్లో ఏసీ పెట్టి, పల్చటి కాగితం పట్టుకుని కిటికీల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. కాగితం అల్లాడితే అక్కడ గాలి పోతున్నట్టు. కుర్చీలో కూర్చుని ఉన్న అత్తయ్య, "పైనెక్కడో వెతుకుతావేంట్రా? ఎడంపక్క గొళ్ళెం కింద చూడు" అంది. కాగితం అక్కడ పెడితే గలగలా కొట్టుకుంది. వీధి తలుపు పైన కుడి మూల అంది. అక్కడా కొట్టుకుంది. పడకగది కిటికీకి చెక్క వంగిన చోటు చెప్పింది. స్నానాలగది తలుపు సంగతి చెప్పింది. లేచి చూసింది లేదు, కూర్చున్నచోటే తల కొంచెం తిప్పి చెబుతోంది. ఫ్యాక్టరీకి కొన్న మిషన్లు నీ ముందు దిగదుడుపే అని మా ఆయన పొంగిపోయారు. అత్తయ్య మొహం విప్పారింది. కొడుకు పనికి తను పనికొచ్చిందన్న సంతోషం ఏ తల్లికైనా ఉంటుంది.

వంటింటి తలుపు కింద సందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "అది వదిలెయ్యరా, వంటింటికి కాస్త గాలాడాలి" అంది. గాలికి కిటికీ ఉందిగా, పొయ్యి వేడంతా హాల్లోకి వచ్చేది ఇక్కడినుంచే, అన్నిటికన్నా పెద్ద దొంగ ఇదే అని ఆయన దానికీ పేలిక కట్టారు.

ఫ్రిజ్ విషయంలో ఆవిడ ఇంకొంచెం గట్టిగానే అడ్డుపడింది.

"నడుస్తున్నదాన్ని బయటికి పంపడమేంట్రా?"

"ముసలిదైపోయిందమ్మా. పని తక్కువ, తిండెక్కువ."

"అయితే ముసలివాళ్ళందరికీ పేలికలు కడతావన్నమాట."

"నీక్కట్టలేదుగా" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

టేబుల్ ఫ్యాను మెడకి కట్టిన ఎర్ర పేలిక చాలా రోజులు ఆవిడ ముక్కు ముందే ఊగుతూ ఉంది. దాని గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఫ్రిజ్ మీద అలిగిందనుకున్నాం.

పనులు ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి లైట్లూ ఫ్యాన్లూ మార్చాడు. తలుపులకీ కిటికీలకీ మా ఆయనే స్వయంగా రబ్బరు పట్టీలు అతికించారు. ఎండ లోపలికి రాకుండా దళసరి తెరలు నేను కుట్టాను. తాతగారిని ఇద్దరు మనుషులు మోసుకుపోయారు. అదే చోట నిలబెట్టిన కొత్త ఫ్రిజ్ కొత్త కోడలిలా నోరు మెదపకుండా గోడవారన నిలబడింది.

అంతా అయిన రోజు సాయంత్రం మా ఆయన హాలు మధ్య నిలబడి చెయ్యెత్తారు.

"విన్నావా?"

"ఏం వినాలి?"

"అదే. వినడానికేం లేదు."

నిజమే. ఇల్లు చల్లగా, నీడగా ఉంది. వీధిలో బండ్ల చప్పుడు కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. నాకు నచ్చింది. కొట్టులో రోజంతా జనం గోల విని ఇంటికొస్తే చెవులకి స్నానం చేసినట్టుండేది.

ఆ రోజునుంచే అత్తయ్య తగ్గింది. మొదట అడుగు నెమ్మదైంది. గోడ పట్టుకుని నడుస్తుంటే మోకాళ్ళు అంది. గుమ్మానికి తగిలి భుజం కమిలితే, తెర అడ్డమొచ్చిందంది. పొయ్యి ముందు నిలబడ్డాక వంట ఎప్పటిలాగే చేసేది. అక్కడికి వెళ్ళడానికే ఆలస్యమయ్యేది. కుర్చీలోంచి లేస్తుంది, నిలబడుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. ఒకటి రెండుసార్లు, "ఇవాళ నువ్వు చెయ్యి అమ్మాయ్, నాకు ఒంట్లో బాగోలేదు" అంది. ఒళ్ళు పట్టుకుని చూస్తే చల్లగానే ఉంది. అలక ఇంకా తీరలేదని మా ఆయన అన్నారు. పాత ఫ్రిజ్ కోసం ఎవరైనా ఇన్నాళ్ళు అలుగుతారా అని నాకనిపించింది. పోయినవాళ్ళ మీద బెంగ ఎవరికెంతుంటుందో ఎవరు చెప్పగలరు అని కూడా అనిపించింది.

ఒకరోజు మా కొట్టు షట్టర్లకి రంగు వేస్తున్నారని మమ్మల్ని మధ్యాహ్నమే పంపించేశారు. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. కొత్త పట్టీల వల్ల తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

అత్తయ్య హాలు మధ్యలో నిలబడి ఉంది. చుట్టూ చేతికందేంత దూరంలో గోడ లేదు, కుర్చీ లేదు. ఒక చెయ్యి కొంచెం ముందుకి చాచింది. తల పక్కకి వంచి, దేన్నో వింటున్నట్టు ఉంది. కదలడం లేదు. నేను చెప్పులు విప్పబోతూ ఆగిపోయాను.

"ఎవరు?" అంది.

నాకు ఎదురుగా, మొహంలోకి చూస్తూ అడిగింది.

"నేనే అత్తయ్యా."

"నువ్వే అనుకున్నాను" అంది, చెయ్యి దించేసి.

అప్పుడు తగిలింది నాకు మాడిన పాల వాసన. వంటింటి తలుపు తోసుకుని వెళ్ళాను. పాలు పొంగిపోయి, మిగిలినవి అడుగంటి, గిన్నె నల్లబడుతోంది. పొయ్యి ఆపి, కిటికీ తీసి, గిన్నెలో నీళ్ళు పోశాను. తిరిగొచ్చేసరికి ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళాను. ఎన్నడూ చెయ్యి పట్టుకోనివ్వని మనిషి, పట్టుకోనిచ్చింది.

నేను నేలమీద కూర్చున్నాను. అడగాల్సింది ఒక్కటే ఉంది.

"ఎన్నాళ్ళనుంచి అత్తయ్యా?"

కొంగు చివర చేతిలోకి తీసుకుని మడతపెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పుకుంటూ వచ్చింది. ఒక కంట్లో అంతా పొగ. రెండో కంట్లో పక్కలు కనిపిస్తాయి, మధ్యలో ఏమీ ఉండదు. "నిన్ను చూస్తే చెవులు కనిపిస్తాయమ్మాయ్, మొహం ఉండదు" అని కొంచెం నవ్వింది కూడా. పొయ్యి దగ్గర ఏ ఇబ్బందీ లేదట. మంట చప్పుడు, నూనె చప్పుడు, వాసన, చేతికి తగిలే ఆవిరి, అన్నీ చెబుతాయట. డబ్బాలు తను పెట్టిన చోటే ఉంటాయి. చిక్కంతా అక్కడిదాకా వెళ్ళడమే. దానికి ఇల్లే సాయం చేసేదట. ఫ్రిజ్ గురక వైపు మొహం పెడితే వంటిల్లు. జుయ్యిమనే లైటు కిందికి వచ్చిందంటే గుమ్మం. తలుపు కింద సందులోంచి పొయ్యి వేడి పాదాలకి తగిలితే తలుపు వేసుందని, తగలకపోతే తీసుందని. కిటికీ సందు గాలి చెంపకి కొడితే తన మంచం. ఇవాళ పాలు పెట్టాక హాల్లో ఫోను మోగితే వచ్చింది. ఫోను ఆగిపోయింది. వెనక్కి తిరిగితే ఏ వైపునుంచీ ఏదీ పలకలేదు. తలుపు మూసుకుపోతే పొయ్యి చప్పుడు కూడా ఇవతలికి రాలేదు.

"ఎక్కడున్నానో తెలీలేదు అమ్మాయ్. నా ఇంట్లో నేను" అంది. "సందులన్నీ నేనే చూపించి మూయించుకున్నాను. కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టు."

ఇంత జరుగుతున్నా ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. వాళ్ళ అక్కగారి కుర్చీ మా ఇద్దరి మధ్యా వేసే ఉంది.

"వాడికి చెప్పకు" అంది.

"చెప్పకుండా ఎలా అత్తయ్యా? పాలు పొంగితే గిన్నె పోయింది. రేపు ఇంకోటి పోతే?"

"చెబితే గరిటె పోతుంది."

"పోనివ్వను. కానీ చెప్పాల్సింది నేను కాదు, మీరు."

నేను లేచి వెళ్ళి, చాకుతో వంటింటి తలుపు కింది రబ్బరు పట్టీ ఊడబెరికాను. జిగురు గట్టిది, మా ఆయన చేతిపని మరి. ఒక పక్కనుంచి లాగితే బర్రుమని చిరిగింది. ఆ చప్పుడికి అత్తయ్య తల ఇటు తిప్పింది. ఏం చేశానో అర్థమైనట్టుంది.

సాయంత్రం ఆవిడే వంట చేసింది. నేను వంటింట్లోనే పీటేసుకుని కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను. ఏం కావాలమ్మాయ్ అని అడగలేదు.

మా ఆయన రాగానే కాళ్ళు కడుక్కుని హాల్లో రెండడుగులు వేసి ఆగారు. వేడి గాలి తగిలింది. కాగితం కూడా అక్కర్లేకపోయింది. వంగి తలుపు కింద చూసి, పట్టీ ఎవరు పీకారని అడిగారు.

"నేను" అన్నాను.

"అమ్మాయి కాదు. నేనే పీకించాను" అంది అత్తయ్య. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, తలుపు తీసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాకు కళ్ళు సరిగ్గా కనపడట్లేదురా. చాన్నాళ్ళైంది."

ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. తర్వాత నిలబడ్డారు. ఆవిడ భుజాలు పట్టుకున్నారు.

"అమ్మా, ముందు నువ్వు కూర్చో. ఇంక వంటింట్లోకి నువ్వు..."

"చూశావా?" అంది అత్తయ్య, నా వైపు.

నేను ఆయన చెయ్యి మీద చెయ్యి వేశాను. ఆయన మాట అక్కడే ఆగింది. ఎందుకాపానో ఆయనకింకా తెలియలేదు. అత్తయ్య కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని అడిగింది.

"నీ ఫ్యాక్టరీలో మిషన్ పాడవుతోందని నీకెలా తెలుస్తుందిరా? చూసా, వినా?"

"విని. చూస్తే ఏం తెలుస్తుందమ్మా, పైన మూతుంటుంది."

"నాకూ పైన మూత పడింది. వినే చేసుకుంటున్నాను. నువ్వొచ్చి ఆ చప్పుళ్ళన్నీ ఆపేశావు."

మా ఆయన ఆవిడ భుజాలు వదిలేశారు. హాల్లో ఒక మూలనుంచి ఇంకో మూలకి చూశారు. ఫ్రిజ్‌ని, గుమ్మం పైన లైటుని, ఫ్యానుని. ఒక్కొక్కదానికీ తను కట్టిన పేలిక ఇప్పుడు ఆయనకి మళ్ళీ కనపడుతున్నట్టుంది. తర్వాత మమ్మల్ని ఇవతలికి రమ్మని వంటింటి తలుపు వేసి, వీధి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడి కళ్ళు మూసుకున్నారు. చేతులు చాచి నడిచారు. మొదట సోఫాకి మోకాలు కొట్టుకున్నారు. "అటు కాదురా, కుడికి" అంది అత్తయ్య. కుడికి వచ్చి కుర్చీని ఢీకొట్టారు. "అది నేను కూర్చునేది. దాన్ని కూడా తీసేస్తావా ఏం?" అంది. ఆయన నవ్వలేదు, కళ్ళు తెరవలేదు. తడుముకుంటూ తడుముకుంటూ వంటింటి దాకా వచ్చి ఆగారు.

"పాదాలకి వేడి తగులుతోంది" అన్నారు.

"అదే తలుపు" అంది అత్తయ్య.

ఆ రాత్రి భోజనం దగ్గర ఒప్పందాలు జరిగాయి. పొయ్యి మీద ఏదైనా ఉంటే అత్తయ్య వంటిల్లు వదిలి బయటికి రాకూడదు, ఫోను మోగినా, ఎవరొచ్చినా. ఆవిడ అడగందే మేం దేనికీ చెయ్యి వెయ్యకూడదు. కంటి డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళాల్సిందే. ఈ చివరిదానికి కాస్త బేరం నడిచింది.

డాక్టరు ఒక కంట్లో పొగకి ఆపరేషన్ చేశాడు. కొంత వెలుతురు తిరిగొచ్చింది. రెండో కంట్లో పోయింది పోయినట్టే, ఉన్నది కాపాడుకోవాలన్నాడు. ఇప్పుడు నా చెవుల మధ్య ముక్కు కూడా కనిపిస్తోందంటుంది అత్తయ్య. పోల్చుకోవడానికి మాత్రం ఇంకా గొంతు వినాల్సిందే.

తాతగారిని వెనక్కి తెద్దామని మా ఆయన వాకబు చేశారు. అప్పటికే ముక్కలైపోయిందట. ఆయన గడియారాల కొట్టుకి వెళ్ళారు. కొట్టతను చప్పుడు చెయ్యనివన్నీ వరసగా చూపించి, ఇప్పుడందరూ ఇవే అడుగుతున్నారని చెప్పాడట. మా ఆయన ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని, "ఇవి కాదండీ, బాగా గోల చేసేది కావాలి" అన్నారట. ఎక్కడో వెనక అరలో దుమ్ముకొట్టుకుని ఉన్నది దొరికింది. వంటింటి గుమ్మం పైన కొట్టాం. సుత్తితో మొల దిగగొడుతున్నట్టు టకటకమంటుంది. అత్తయ్య గది ముందు, కాలికి తెలిసేలా, నా కుట్టుముక్కలతో అల్లిన గరుకు పట్టా వేశాను. మిగతా తలుపులకీ కిటికీలకీ పట్టీలు ఉన్నాయి, ఫ్రిజ్ నోరు మెదపదు, తెరలు ఎండని ఆపుతూనే ఉన్నాయి. కరెంటు వాడకం ఆయన కోరుకున్నట్టే తగ్గింది. వంటింటి తలుపు గొళ్ళేనికి మాత్రం ఒక పచ్చ పేలిక వేలాడుతోంది. అది ఏ గుడ్డదో నేనడగలేదు. నా కొత్త జాకెట్టు చేతులకి గుడ్డ చాలకపోతే అప్పుడు తెలిసింది.

మొన్నొక సాయంత్రం నేను కొట్టునుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విడవలేదు. మా ఆయన సోఫాలో పేపరు చదువుతున్నారు. అత్తయ్య వంటకని లేచి, కుర్చీ వదిలి రెండడుగులు వేసి నిలబడిపోయింది. చెయ్యి కొంచెం ముందుకి వచ్చింది. ఏమైందో నాకు వెంటనే తట్టలేదు. మా ఆయన పేపరు దించి తలెత్తారు, ఫ్యాక్టరీలో నడుస్తున్న మిషన్ ఆగితే ఎత్తినట్టు.

గడియారం ఆగిపోయింది.

ఆయన లేచి, స్టూలు వేసుకుని ఎక్కి, గడియారం వెనక మూత తీశారు. పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టేంతసేపూ అత్తయ్య అలాగే నిలబడి ఉంది. నేను చెయ్యి అందించబోయి, ఒప్పందం గుర్తొచ్చి ఆగాను. టకటకలు మొదలయ్యాయి. అత్తయ్య చెయ్యి దించుకుని, మధ్యలో ఏమీ జరగనట్టు నడిచి గుమ్మం దాటింది.

"పొద్దున్నే ఉల్లిపాయలు తరిగి పెట్టమన్నాను కదమ్మాయ్, ఏవీ?" అంది లోపలినుంచి.